టీవీల ఉన్నంతసేపే వార్త, ఇంట్లకొస్తే లొల్లి

బత్తాయితోట | 18 డిసెంబర్ 2025, రాత్రి 9:10

తెలంగాణల సర్పంచ్ ఓట్ల పండుగ ఒడిసింది. డిసెంబర్ 11, 14, 17... మూడు విడతలు నిన్నటితోని ఖతం. మైకులు బందైనయి, ఊరు జర సప్పుడు లేకుంట ఉన్నది. గిసుంటప్పుడే కూసొని నాలుగు ముచ్చట్లు పెట్టుకుందామని ఇది మొదలువెడుతున్న.

నా అనుమానం ఏందంటె, సర్కారు ఏది చెప్పినా లోకానికి అది పథకం. మా గడప దాటి లోపటికి వచ్చిందంటె మాత్రం అది మా అవ్వకు నాయినకు నడుమ పంచాయితి. మీ ఇండ్లల్ల గూడ గంతేనా, మాదొక్కటే తిరకాసు సంసారమా?

ముందు మాదే చెప్త. 2023 డిసెంబర్ 9 నాడు ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయింది. అంతకుముందు మా అవ్వ ఏడాదికి రెండుసార్లు ఊరు దాటేది. ఒకసారి చెర్వుగట్టు జాతరకు, ఒకసారి మా అక్కోళ్లింటికి. అది గూడ నాయిన కిరాయి లెక్కవెట్టి, పోనువి రానువి వేరువేరుగ చేతుల పెడితేనే. ఇప్పుడు సోమవారం నార్కట్‌పల్లి దిక్కు, బుధవారం నకిరేకల్ దిక్కు, శుక్రవారం ఇంకో దిక్కు. "యాడికి పోతున్నవే?" అంటె "గిట్లనే" అంటది. ఆ గిట్లనే అనే ఊరు ఏ బస్సు బోర్డు మీద చూసినా కనవడదు.

నాయినకు 72 ఏండ్లు. పెండ్లైన కాడ్నించి పొయ్యి మొఖం చూసినోడు కాదు. మొదటి నెల పక్కింటోళ్లు కూర పెట్టిండ్రు. రెండో నెల వాళ్లింటామె గూడ బస్సెక్కింది. మూడో నెలకు నాయిన పచ్చిపులుసు నేర్చిండు, దానికి పొయ్యి అక్కర లేదు గద. అప్పటిసంది మా ఇంట్ల వారానికి మూడొద్దులు పచ్చిపులుసే.

ఒకపారి పట్టువట్టి ఆయన గూడ ఎంట పోయిండు. ఆమెకు జీరో టికెట్, ఆయనకు 30 రూపాలు. దారి పొడుగూత రెండు టికెట్లు పక్కపక్కన పట్టుకొని చూసుకుంట పోయిండట. దిగంగనే "చూసినవా, నా ఖరీదు 30, నీ ఖరీదు సున్న" అన్నడు. అవ్వ ఊకుంటదా. "నిన్ను పైసలిచ్చి ఎక్కియ్యాలె. నన్ను సర్కారే పిల్సుకపోతది" అన్నది. ఆ మాటకు మా నాయిన రెండొద్దులు పచ్చిపులుసు గూడ చెయ్యలే.

మీరు చెప్పుండ్రి ఇగ.


పాలమూరు పోరడు | 18 డిసెంబర్ 2025, రాత్రి 9:31

అన్నా, మీ అవ్వ పేరు మీద ఒక రూటు రాయించాలె. నల్గొండ టు గిట్లనే, వయా నకిరేకల్.


విశ్రాంత ఉపాధ్యాయుడు | 18 డిసెంబర్ 2025, రాత్రి 10:02

మంచి విషయం ఎత్తుకున్నారు. "వెడుతున్న", "పెడితేనే" అని ఒకే టపాలో రెండు రకాలుగా రాశారు. ఏదో ఒకదాని మీద నిలబడండి. ఇది అలవాటు కొద్దీ చెబుతున్నాను, మనసులో పెట్టుకోకండి.

నా అనుభవం రెండు సర్వేలది. 2014 ఆగస్టు 19న ఒకే రోజు రాష్ట్రమంతా సమగ్ర కుటుంబ సర్వే జరిగింది గుర్తుందా? నాకు కల్వకుర్తి వైపు ఒక పల్లెలో డ్యూటీ పడింది. తెల్లవారుజామునే వెళ్లేసరికి ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్న ఇళ్లన్నీ తెరిచి ఉన్నాయి. బొంబాయి, పుణె నుంచి వచ్చి దిగినవాళ్లు అరుగుల మీద వరుసగా పడుకుని ఉన్నారు. దసరాకు కూడా అంతమందిని ఆ ఊళ్లో చూడలేదని వీఆర్వో అన్నాడు.

ఒక ఇంట్లో ముసలాయన, నలుగురు కొడుకులు. లోపల ఒకటే పొయ్యి, దాని మీద బోనమంత గిన్నెలో అన్నం ఉడుకుతోంది. "ఎన్ని కుటుంబాలు?" అన్నాను. "ఐదు సారూ" అన్నాడు. వేరు కుటుంబమైతే వేరు కార్డు వస్తుందన్న మాట అప్పటికే ఊరంతా పాకింది. "మరి ఐదు పొయ్యిలేవి?" అన్నాను. పెద్దకోడలు నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది. జామచెట్టు కింద మూడేసి రాళ్లు, ఐదు చోట్ల. ప్రతిదానిలో గుప్పెడు బూడిద. ఆ బూడిద మీద అప్పటికే కోడిపిల్ల ఒకటి పడుకుని ఉంది. ఐదు అని రాసుకున్నాను. మధ్యాహ్నం వాళ్లింట్లోనే తిన్నాను, ఆ ఒక్క పొయ్యి మీది అన్నమే.

2024 నవంబర్‌లో ఇంటింటి సర్వే వచ్చేసరికి నేను కుర్చీకి అవతల పక్క. ముందు వచ్చి తలుపుకు స్టిక్కర్ అంటించి వెళ్లారు. తర్వాత ఒక చిన్న వయసు టీచరమ్మ 75 ప్రశ్నలు పట్టుకుని వచ్చింది. మా ఇంట్లో జవాబులన్నీ నేనే చెబుతాను కదా అని గొంతు సవరించుకున్నాను. "మేడం గారిని కూడా అడగాలి సార్" అంది ఆ పిల్ల. చదువు దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ నిమ్మళంగా "ఏడో తరగతి" అంది. పెళ్లిచూపులనాడు పదో తరగతి అని చెప్పారు. 37 ఏళ్లు ఇంట్లో టీచరుగా ఉండి ఆ సంగతి కనిపెట్టలేకపోయాను. టీచరమ్మ వెళ్లాక అడిగితే "మీరెప్పుడు అడిగిన్రు? సర్కారు అడిగింది, చెప్పిన" అంది.


పాలమూరు పోరడు | 18 డిసెంబర్ 2025, రాత్రి 10:20

సార్, ఆ 2014 సర్వేకు బొంబాయి నుంచి దిగినోళ్లల్ల మా నాయిన గూడ ఉండె. ఆడ సెంట్రింగ్ పని. నేను తొమ్మిదో తరగతి. మా చెల్లె నాలుగేండ్లది, ఆయనను చూసి సర్వే సారు అనుకొని కుర్చీ ఏసింది. మా అమ్మ నవ్వింది, నాయిన నవ్వలే. ఆ రాత్రే మల్ల బస్సెక్కిండు.

ఇదంత నవ్వులాట ముచ్చట గాదు గని, మీరు గుర్తుజేసిండ్రు.


దేవరకొండ కోడలు | 18 డిసెంబర్ 2025, రాత్రి 10:48

సారు పొయ్యిల లెక్క చెప్పిండు, నేను కార్డుల లెక్క చెప్త.

పెండ్లి కాంగనే మా అమ్మగారింట్ల రేషన్ కార్డుల నుంచి నా పేరు తీపిచ్చిండ్రు. తీసేసుడు ఒక్క పూటల అయింది. అత్తగారింట్ల ఎక్కిచ్చుడుకు దరఖాస్తు పెడితే ఏడేండ్లు. ఆ ఏడేండ్లు రేషన్ లెక్కల నేను ఎవ్వరి మనిషిని గాను. ఇద్దరు పిల్లలు పుట్టిండ్రు, వాళ్లూ గంతే. డీలరు కాడికి సంచి పట్టుకొని పోయేది నేను, మోసేది నేను, కార్డుల లేనిది నేను.

ఈ ఏడు జులై 14 నాడు తిరుమలగిరిల కొత్త కార్డులు మొదలువెట్టిండ్రు గద, అగో అప్పుడు మాకు వచ్చింది. నేను, ఇద్దరు పిల్లలు, మనిషికి ఆరు కిలోల లెక్కన 18 కిలోల సన్నబియ్యం. సంచి ఇంట్ల దించంగనే మా అత్త ఇరుగుపొరుగోళ్లతోని "మా కోడలు వచ్చింది" అన్నది. ఏడేండ్ల సంది యాడున్ననో మరి.


ఎడమకాల్వ | 19 డిసెంబర్ 2025, పొద్దున 5:40

రైతును, పొద్దుగాలనే లేస్తం, అందుకే గిప్పుడు రాస్తున్న. మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమకాల్వ కింద.

సన్నబియ్యం అంటున్నరు గద చెల్లె. నేను పోయినేడు వానకాలం సన్నాలు ఏసిన. క్వింటాలుకు 500 బోనస్ తోని సెంటర్ల అమ్మిన. అవి మిల్లుకు పోయినయి, గోదాముకు పోయినయి, ఈ ఏడు ఉగాది నాడు హుజూర్‌నగర్ల సన్నబియ్యం మొదలైనంక డీలరు కాడికి వచ్చినయి. నేను పోయి వేలుపెట్టి తెచ్చుకున్న. నా వడ్లు నా ఇంటికి రానీకె ఇన్ని లారీలు తిరిగినయి. మా ఆమె వండి "ఎవరి బియ్యమో గని మెత్తగైతున్నయి" అన్నది. నేనేమన్న చెప్తనా? కొత్తబియ్యం మెత్తగనే అయితది, ఆర్నెల్లు పాతవడాలె.

దొడ్డుబియ్యం పోయినందుకు మా ఇంట్ల బాధపడ్డది కోళ్లు. అవి ఎన్నేండ్ల సంది రేషన్ తిన్న కోళ్లు. ఇప్పుడు సన్నబియ్యం కోళ్లకు ఎయ్యబుద్ధి గాదు, నూకలు కొనాలె. దోశలకు గూడ దొడ్డుబియ్యమే బాగుండె అని మా అమ్మ రోజూ ఒకపారి తలుసుకుంటది, సచ్చిపోయిన సుట్టాన్ని తలుసుకున్నట్టు.

జూన్ల మూడు నెలలయి ఒక్కసారే ఇచ్చిండ్రు. మేం ఆరుగురం, 108 కిలోలు. మా తాత నాటి గుమ్మి ఉంటె బాగుండు, అది ఇల్లు కట్టినప్పుడు పొయ్యిల పెట్టినం. డ్రమ్ముల పోసి వేపాకు ఏసినం, ఎండు మిరపకాయలు ఏసినం. ఆగస్టుకు పురుగులు వాటి మూడు నెలల కోట అవి తీసుకున్నయి.

అసలు పంచాయితి యూరియాది. అది మల్ల రాస్త, బర్రె పిలుస్తున్నది.


మక్తల్ మామ | 19 డిసెంబర్ 2025, పొద్దున 8:15

నాకు ముగ్గురు బిడ్డలు. బిడ్డలను దూరం ఇయ్యొద్దని, పాలమూరు, అంటె మహబూబ్‌నగర్, జిల్లా దాటి ఒక్క సంబంధం గూడ చూడలే. ఒకామెను వనపర్తికి ఇచ్చిన, ఒకామెను గద్వాలకు, చిన్నామెను అచ్చంపేటకు. అందరు జిల్లాలనే ఉన్నరని నిమ్మళంగ ఉన్న.

2016 దసరా, అక్టోబర్ 11. బిడ్డలు అల్లుండ్లు పండుగకొచ్చి ఇంట్లనే ఉన్నరు. టీవీల కొత్త జిల్లాలు అన్నరు. జమ్మికి పోయి వచ్చేలోపల ముగ్గురు బిడ్డలు మూడు జిల్లాలకు పోయిండ్రు, కూసున్నకాడ కూసున్నట్టే. నేనొక్కన్ని పాలమూరుల మిగిలిన. సరే, మనదన్న మనకున్నది అనుకున్న. 2019 ఫిబ్రవరి 17 నాడు నారాయణపేట జిల్లా చేసిండ్రు, నేను గూడ పోయిన. ఇంట్ల నుంచి ఒక్క అడుగు తీసిపెట్టలే.

ఇప్పుడు మనుమలు మనుమరాండ్లు సంక్రాంతి సెలవులకు వస్తే "మన జిల్లా" అని నలుగురు నాలుగు పేర్లు చెప్పి కొట్టుకుంటరు. నేను పిల్లలమర్రి చెట్టు బొమ్మ చూపిచ్చి "ఇది మనది" అంటె, "అది మహబూబ్‌నగర్ జిల్లాది తాతా, మనది గాదు" అన్నది గద్వాల పిల్ల. ఆ చెట్టుకు చెదలు పట్టినప్పుడు 2018ల సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కిచ్చిండ్రు. మా చిన్నాయనకు సెలైన్ ఎక్కిచ్చినప్పటి కంటె నాకు ఎక్కువ దిగులైంది అప్పుడు. మరి నాది గాదంటె ఎట్ల?


జరీ అంచు | 19 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 1:05

మక్తల్ అన్నా, మీ బిడ్డ మా ఊరి కోడలే అయితది.

మా ఇంట్ల లొల్లి బంగారం. మా ఆయన పొద్దుగాల లేస్తూనే ఫోన్ల తులం ధర చూస్తడు. దేవుని పటం కంటె ముందు. ధర పెరిగితే మొఖం వెలుగుతది. "ఇయ్యాల మనం ఇంత పెరిగినం" అంటడు. పెరిగేది మేం గాదు, బ్యాంకుల కుదువపెట్టిన మా గాజులు. పోయినేడు పంటలోనుకు పెట్టినయి. అవి ఆడ లాకర్ల చల్లగ కూసొని పెరుగుతున్నయి, ఈడ మేం మిత్తి కడుతున్నం.

పెద్దపిల్ల పెండ్లి 2019ల చేసినం. ఆడపిల్ల పెండ్లికి సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మి 2014ల 51 వేలతోని మొదలైంది, మా పిల్ల నాటికి 1,00,116 అయింది. అప్పట్ల ఆ పైసలకు మూడు తులాల దాక వచ్చేవి. పైన ఉన్న నూట పదహార్లు గూడ నాకు బాగ నచ్చినయి, ఇంటి పెద్ద చదివిచ్చినట్టు. ఇప్పుడు రెండోదానికి సంబంధం చూస్తున్నం. చెక్కు అదే లక్షా నూట పదహార్లు. తులం ఏప్రిల్లనే లక్ష ముట్టింది, ఇప్పుడు ఇంక పైకి పోయింది.

మగపిల్లగానోళ్లతోని రెండేండ్ల కింద మాటనుకున్నప్పుడు "ఐదు తులాలు" అన్నరు. పిల్ల చదువు అయిపోనీ అని ఆగినం. ఐదు ఐదే ఉన్నది, మేమే సగమైనం. మా ఆయన పోయి "రూపాల్లల్ల మాట్లాడుకుందాం" అంటె, వియ్యపాయన "బంగారం మాట బంగారమే బావా" అన్నడట. ఇది కట్నం గాదట. పిల్లకు మీరు పెట్టుకునుడట.


పూలగంప | 19 డిసెంబర్ 2025, సాయంత్రం 6:22

మొదటిసంది చదువుకుంట వచ్చిన. నవ్విన గూడ. గని ఒక్క మాట చెప్పాలె.

మా అమ్మ పూలమ్ముతది. తెల్లారగట్ల ఊర్లె బస్సెక్కి నల్గొండకు పోతది, మూర లెక్కన అమ్ముకొని పొద్దుమూకి వస్తది. పోనురాను ఇదివరకు రోజుకు 80 రూపాలు కిరాయికే పోయేవి. నెలల 26 రోజులు వేసుకున్నా 2,080 రూపాలు. మా నాయనమ్మకొచ్చే పింఛను 2,016. అంటే మా ఇంట్ల ఒక ముసలామె పింఛనంత పైసలు బస్సు చక్రాల కింద పోతుండె. ఇప్పుడు అవి మా తమ్ముని కాలేజీ ఫీజు.

మీ అవ్వ తిరుగుడు మీకు నవ్వులాటగ ఉన్నది, సరే. గని బస్సుల మా అమ్మకు గూడ వినవడతయి ఈ మాటలు. "పనిలేక తిరుగుతున్నరు" అని, ఎక్కంగనే. గంపను చూసి గూడ అంటరు.


నిర్వాహకుడు | 19 డిసెంబర్ 2025, సాయంత్రం 6:40

పథకాల మీద మాట్లాడుకోండి, పార్టీల పేర్లు ఎత్తకండి. ఇప్పటికే ఇద్దరివి తీసేశాను. సామెతలు వాడిన మూడో ఆయనది ఉంచాను, అది ఎవరిని తిట్టిందో నాకు అర్థం కాలేదు.


బత్తాయితోట | 19 డిసెంబర్ 2025, రాత్రి 8:55

పూలగంప చెల్లె, నువ్వన్నది నిజం. నేను రాసేటప్పుడు మా అవ్వనే కండ్ల ముందట ఉన్నది, గంపలు పట్టుకొని ఎక్కెటోళ్లు యాదికి రాలే. ఇందాక అవ్వకు నీ టపా చదివి వినిపిచ్చిన. "పూలామెనా? సన్నగ ఉంటది, నీలం గంప?" అని అడిగింది. నల్గొండల పూలమ్మెటోళ్లు ఎంతమందో, మరి ఆమేనో కాదో.

తిరిగే ముచ్చట మల్ల రాస్త. దానిల ఇంకోటి తెలిసింది.


పూలగంప | 19 డిసెంబర్ 2025, రాత్రి 9:03

నీలం గంప కాదన్నా. తెల్లగ ఉండే యూరియా సంచి. గంప అని పేరుకు పెట్టుకున్న.


ఎడమకాల్వ | 19 డిసెంబర్ 2025, రాత్రి 9:15

యూరియా సంచి అన్నరు గద, ఇగ రాయకుంట ఉండలేను.

ఆగస్టు. నాట్లు పడ్డయి, పొలం పచ్చగ కావాలంటె యూరియా పడాలె. 45 కిలోల బస్తా, 266 రూపాల 50 పైసలు. పైసలున్నా బస్తా లేదు. లారి వస్తదంటె తెల్లారగట్ల నాలుగు గంటలకే సొసైటి ముందట లైను. మనుషులు గాదు, చెప్పులు. పట్టాపాసుబుక్కులు, రాళ్లు గూడ. వాటి ఎనుక మనుషులు చెట్టు కింద కూసొని ఉంటరు. చెప్పుకు ఎండ కొట్టదు, చెప్పు మూత్రానికి పోదు, లైన్ల నిలబడనీకె చెప్పు అసుంటిది ఇంకోటి లేదు.

నేను తెలివి చేసి ఒక్క చెప్పే పెట్టిన, రెండోది కాలికే ఉంచుకున్న. జత పెడితే ఎవడన్న ఏసుకపోతడు, ఒక్కటి ఎవ్వనికి అక్కర? తొమ్మిది గంటలకు లారి వచ్చింది. ఒకటే తొక్కులాట. నా వంతుకు ఒక్క బస్తా దొరికింది. చెప్పు ఏసుకొని, బండి మీద బస్తా ఏసుకొని ఇంటికొచ్చిన. మా ఆమె బస్తా చూసి సంబురపడ్డది. కింద చూసింది.

"గిది ఎవల చెప్పు?"

చూస్తే ఎడమ కాలిది నాదే, కుడిది ఆడోళ్లది. ఎర్ర పట్టీది. పొలానికి యూరియా ఏసి పదిహేనొద్దులకు పచ్చగైంది. నాకు దసరా దాక పట్టింది.


పాలమూరు పోరడు | 19 డిసెంబర్ 2025, రాత్రి 9:58

కాకా 😂 ఆమె ఇంట్ల గూడ అడిగి ఉంటరు, మొగోని చెప్పు ఎక్కడిదని.

దసరా అన్నరు గద. ఈసారి దసరా అక్టోబర్ 2 నాడు పడ్డది. గాంధీ జయంతి. మటన్ బందు, మందు బందు. దసరా నాడు మా దిక్కు యాట కూర లేదంటె పండుగ చేసుకోలేదన్నట్టే. మా పెదనాయిన వారం ముందు నుంచి ఆలోచన చేసిండు. ముందురోజే మటన్ తెచ్చి ఫ్రిజ్‌ల పెట్టాలె. ఫ్రిజ్ ఖరాబై రెండు నెలలైంది. సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తగ్గింది గద, ఇప్పుడే కొత్తది కొనాలె అన్నడు.

జడ్చర్లల షాపుకు పోయినం. షాపాయన "ఫ్రిజ్‌కు ఏం తగ్గలే పెద్దాయనా, అది 2018 నుంచే 18 శాతంల ఉన్నది. పెద్ద టీవీలకు, ఏసీలకు తగ్గింది, 28 నుంచి 18" అన్నడు. పెదనాయిన మొఖం చిన్నబోయింది. తగ్గనిదాన్ని కొనుడు ఆయన ఇజ్జత్‌కు తక్కువ. తగ్గినదాన్ని కొనకుంట ఇంటికి వచ్చుడు ఇంకా తక్కువ. గంట తర్వాత 43 ఇంచుల టీవీ ఆటోల ఎక్కిచ్చినం. మటన్ ఐదు కిలోలు నా ఒళ్లె.

ఇంట్ల పెద్దమ్మ టీవీని చూసింది, మటన్‌ను చూసింది, "దీన్ని దాంట్ల పెట్టాల్నా?" అన్నది.

అప్పుడు మా నాయనమ్మ లేచింది. సగం కూర ఆ రాత్రే వండిచ్చింది. మిగిలిన సగం సన్నగ కోసి, ఉప్పు పసుపు పట్టిచ్చి, దారానికి గుచ్చి ఒట్టి తునకలు ఆరేసింది. బయట ముసురు, ఇంట్లనే కట్టాలె. ఇంట్ల ఖాళీగ ఉన్న మేకులు రెండే, టీవీ కోసం కొట్టినవి. ఆ రాత్రంత కొత్త టీవీల వార్తలు, దాని మీద తోరణం లెక్క మటన్. గాంధీ జయంతి శుభాకాంక్షలు అని కింద అక్షరాలు పోతున్నయి.

మందు ముచ్చట అడగకుండ్రి. ముందురోజు తెచ్చి దాచినదాన్ని ముందురోజే దొరకవట్టిండ్రు.


విశ్రాంత ఉపాధ్యాయుడు | 19 డిసెంబర్ 2025, రాత్రి 10:15

"ఒట్టి తునకలు" మాట విని ముప్పై ఏళ్లయింది. ఇంట్లో గట్టిగా చదివాను. మా ఆవిడ "ఎట్ల వండుతరో అడగండి, గోంగూరల వేస్తే బాగుంటది" అంటోంది.


దేవరకొండ కోడలు | 20 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 2:30

పంచాయితి ఓట్ల ముచ్చట ఎవ్వరు రాస్తలేరు, భయమా?

మాది మూడో విడత, 17 నాడు. మా ఊరు ఆడోళ్లకు రిజర్వు అయింది. మా తోడికోడలు నిలబడ్డది, ఉంగరం గుర్తు. మా పెద్దమామ కోడలు గూడ నిలబడ్డది, కత్తెర గుర్తు. రెండిండ్లకు నడుమ గోడ ఒక్కటే, దాని మీద రెండు దిక్కుల రెండు ఫ్లెక్సీలు. మా మరిది ఫొటో పెద్దగ, దండం పెట్టుకుంట. కింద మూలకు తోడికోడలు ఫొటో, ఆధార్ కార్డుల నుంచి తీసింది. నిలబడ్డది ఎవరో తెల్వక ఒకాయన వచ్చి మా మరిదికే "ఆల్ ద బెస్ట్ సర్పంచ్ సాబ్" అన్నడు. ఆయన గూడ "థాంక్స్" అన్నడు, సిగ్గుగూడ లేదు.

మా అత్తకు అమ్మమ్మ వరసామె ఒకామె ఉన్నది, 90 దాటినయి. "ఉంగరానికి ఓటెయ్యి అవ్వా" అని మేం నేర్పిస్తే "ఎప్పుడిస్తరు?" అని అడిగింది. ఏందంటె ఉంగరం. తులం ఎంతైందో ఆమెకు గూడ ఎరికే. లేదవ్వా ఉత్త గుర్తే అంటె, "ఉత్త గుర్తుకైతె ఏదైతేంది" అని గులాబీ కాయిదం మీద యాడ గుద్దిందో ఇప్పటిదాక చెప్పలే.

ఒంటిగంటకు ఓట్లు ఒడిసినయి, రెండింటికి లెక్క షురూ. మా తోడికోడలు తొమ్మిది ఓట్లతోని ఓడిపోయింది. మూడో ఆమె గెలిచింది, మేం అసలు లెక్కల పెట్టుకోని ఆమె.

అప్పట్నించి మా ఇంట్ల ఆ తొమ్మిది మంది ఎవరని వెతుకుడు. మొదటి అనుమానం నా మీద. మా అమ్మగారిదిక్కు సుట్టాలు పెద్దమామోళ్లకు దగ్గర అని. ఏమనలే, మొఖం మీద ఏమనలే. పాలకు తోడు రోజూ తోడికోడలింట్ల నుంచే తెచ్చుకునేటోళ్లం, మాకు బర్రె లేదు. 18 పొద్దున పోతే గిన్నె కడిగి బోర్లిచ్చి పెట్టి "పెరుగు అయిపోయింది అక్కా" అన్నది. గోడ అవతల పెద్దమామోళ్ల దగ్గరికి పోతే అనుమానం ఖాయమైతది. మూడొద్దుల సంది పాలు పాలుగనే తాగుతున్నం. మా మామకు సల్ల లేంది బువ్వ దిగదు. ఆయన ఎవరికి ఓటేసిండో గూడ మర్చిపోయి పెరుగు కోసం మొత్తుకుంటున్నడు.


విశ్రాంత ఉపాధ్యాయుడు | 20 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 3:05

అమ్మా, తోడు లేకపోయినా పెరుగు అవుతుంది. గోరువెచ్చని పాలలో నాలుగైదు పచ్చిమిరపకాయలను తొడిమలతో సహా వేసి, మూతపెట్టి, వెచ్చని చోట ఉంచండి. తొడిమలే ముఖ్యం. చలికాలం కాబట్టి పది పన్నెండు గంటలు పడుతుంది. గిన్నె చుట్టూ పాత దుప్పటి చుట్టండి. ఇది మా ఆవిడ చెప్పింది, రాసింది మాత్రమే నేను.


జరీ అంచు | 20 డిసెంబర్ 2025, సాయంత్రం 4:40

తోడికోడలు తోడు ఇయ్యకపోవుడు! ఓటు ఎవరికేసినవో మాకు చెప్పు చెల్లె, మేం యాడ చెప్పం.


దేవరకొండ కోడలు | 20 డిసెంబర్ 2025, సాయంత్రం 4:52

తోడికోడలుకే వేసిన. కొడుకు మీద ఒట్టు. గని చెప్తే నమ్మాలె గద.


బత్తాయితోట | 20 డిసెంబర్ 2025, రాత్రి 9:20

చెప్త అన్న గద. అవ్వ గిట్లనే యాడికో తెలిసింది.

నాయినకు అనుమానం వచ్చి నిన్న మా బామ్మర్దిని ఎంట పంపిండు. వాడు ఎనుక సీట్ల కూసొని తుండు కప్పుకున్నడు. ఆమె నకిరేకల్ దిక్కు పోయే పల్లెవెలుగు ఎక్కింది. కిటికి సీటు. నకిరేకల్ల దిగలే. బస్సు ఆఖరి స్టేజి దాక పోయింది, ఏదో చిన్న ఊరు, వేపచెట్టు, ఒక హోటలు. అందరు దిగిండ్రు, ఈమె దిగలే. డ్రైవరు చాయ తాగి వచ్చేదాక అట్లనే కూసున్నది. కండక్టరామె ఇంత బఠానీలు తెచ్చిచ్చిందట, ఎరికున్న మనిషే అన్నట్టు. మల్ల అదే బస్సుల, అదే కిటికి కాడ వాపసు.

బామ్మర్ది వచ్చి చెప్తే నాయినకు సమజ్ కాలే. "మరి ఎవర్ని కల్సింది?" అని మూడుసార్లు అడిగిండు. ఎవ్వర్ని కలవలే.

రాత్రి నేనే అడిగిన. జర సేపు ఊకున్నది. తర్వాత చెప్పింది. రోడ్డు పక్క చేను గద మనది, కలుపు తీసుకుంట, నాట్లేసుకుంట ఎప్పుడు లేచి నడుము పట్టుకున్నా ఒక బస్సు పోతుండేదట. దానిల కిటికి కాడ ఎవరో ఒక ఆడామె కూసొని మా అవ్వ దిక్కు చూస్తుండేదట. "యాడికి పోతుండొచ్చు ఆమె అని అనుకునేదాన్ని. గిట్లనే పోతుండొచ్చు" అన్నది.

నేనేం మాట్లాడలే. నాయిన విననట్టే పండుకున్నడు. పొద్దున లేచి చూస్తే తెల్ల అంగీ ఏసుకొని తయారై ఉన్నడు. చిల్లర లెక్కవెట్టుకుంటున్నడు, పోనువి, రానువి. ఇద్దరు పోయిండ్రు. కిటికి సీటు ఎవరిదని బస్టాండ్లనే లొల్లి షురూ అయిందని బామ్మర్ది ఫోన్ చేసిండు. ఇంట్ల పచ్చిపులుసు గూడ లేదు.


పూలగంప | 20 డిసెంబర్ 2025, రాత్రి 9:41

కిటికి సీటు అవ్వకే ఇయ్యమను అన్నా. మా అమ్మ గూడ చెప్పమంటున్నది.


మక్తల్ మామ | 20 డిసెంబర్ 2025, రాత్రి 9:50

ఆ ఆఖరి స్టేజి ఊరు ఏ జిల్లాల పడ్డదో చూసుకొమ్మను. పోయేటప్పుడు ఒక జిల్లా, వచ్చేటప్పుడు ఇంకోటి అయితయి.


దేవరకొండ కోడలు | 21 డిసెంబర్ 2025, పొద్దున 7:12

సార్, తోడుకున్నది. జర జిగురు జిగురుగ ఉన్నది, కారం వాసన లేదు. మామ రెండు గంటెలు పోసుకొని తిని, "చిన్నకోడలు ఇచ్చిందా?" అని అడిగిండు. ఔనన్న.


విశ్రాంత ఉపాధ్యాయుడు | 21 డిసెంబర్ 2025, పొద్దున 7:30

మొదటిసారి జిగురే వస్తుందమ్మా. దాంట్లోంచి ఒక చెంచా తీసి రేపటి పాలకు వేయండి, గట్టిగా తోడుకుంటుంది.